పెళ్లి రిజిస్టరులో మా ఇంటి చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు, నేను ఇంటి సంగతి ఒకటి రాస్తానన్నాను. మన బడి బెంచీల మీద కూర్చున్నవాళ్లలో చాలామందిమి మిరపచేలల్లో, పత్తిచేలల్లో కూలి చేసినవాళ్ల మనవలం. మన ఇళ్లలో భూమి దస్తావేజులు లేవు, పాత ఉత్తరాలు లేవు. మూడు తరాలు వెనక్కి వెళితే కాగితమన్నదే కనపడదు. అలాంటి కుటుంబాలకు దొరికే మొదటి కాగితం చాలాసార్లు చర్చి బీరువాలో ఉన్న పెళ్లి రిజిస్టరే. మా ఇంటికి అదే మొదటిది. 1956 మే 17, గురువారం ఉదయం ఒంగోలులో జరిగిన మా అమ్మానాన్నల పెళ్లి తాలూకు పేజీ అది.

ఆ పేజీ ఒక ఇంటికి ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు అన్నదే ఈ వ్యాసం.

గుండ్లకమ్మ నుంచి చర్చి మెట్ల దాకా

గుంటూరు ప్రాంతంలో ప్రొటెస్టెంటు క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. 1842 జూలై 31న హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరులో అడుగుపెట్టాడు. ఒంగోలు వైపు వచ్చినవాళ్లు అమెరికన్ బాప్టిస్టులు. నెల్లూరు నుంచి పనిచేస్తున్న ఆ మిషన్ తరఫున జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. మరుసటి ఏడాది జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఇక్కడ సంఘం ఏర్పడింది. కనిగిరి దగ్గర తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి ద్వారా ఆ మాట మాదిగపల్లెలకు చేరింది.

క్లౌ యవ్వనంలో అమెరికాలో సర్వే పని చేసిన మనిషి. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చి బతికించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, పని జరుగుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని అయిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతకు తాత అప్పుడు మునిగినవాళ్లలో ఒకడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆ మాటకు నోటిమాటే ఆధారం.

చేరేవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పడానికి చిన్నవే. కానీ ఆదివారం పనికి రానంటే ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరికి కోపం. ఆ కోపానికి దెబ్బలు తిన్నవాళ్లు, బావుల దగ్గరికి రానివ్వక అల్లాడినవాళ్లు ఎందరో. చర్చిలో పెళ్లి చేసుకోవడం వెనక ఇంత కథ ఉంది.

1956 నాటికి అదంతా డెబ్బై, ఎనభై ఏళ్ల పాత సంగతి. అప్పటికి మా తాత అద్దంకి దారిలో ఒక పల్లెలో ఆసామి దగ్గర జీతం ఉంటూ, తీరిక వేళల్లో చెప్పులూ, మోటబావులకు తోలు తిత్తులూ కుట్టేవాడు. నల్లరేగడి నేల. జొన్న, మిరప, పత్తి, పొగాకు. సాగర్ కాలవ ఇంకా రాలేదు. నందికొండ దగ్గర నెహ్రూగారు శంకుస్థాపన చేసి అప్పటికి అయిదు నెలలే. మా నాన్నగారు మిషన్ బోర్డింగులో చదివి, ట్రైనింగు పూర్తిచేసి, ఎలిమెంటరీ స్కూలు మాస్టరయ్యారు. మా అమ్మది కనిగిరి వైపు. ఆమె కూడా బోర్డింగులోనే ఎనిమిదో తరగతి దాకా చదివింది.

ముహూర్తం ఎలా కుదిరింది

పంచాంగం చూడని పెళ్లికి కూడా లెక్కలుంటాయి. మే నెల ఎందుకంటే నాన్నగారికి బడి సెలవులు. కల్లాల్లో మిరపకాయ ఎండి, బస్తాలకెక్కి, గుంటూరుకు పోయి, కూలి బాకీలు చేతికొచ్చే కాలం కూడా అదే. పాస్టరుగారు ఊళ్లు తిరగడం తగ్గించి ఒంగోలులో ఉండే నెల. ఈ మూడూ కలిసిన రోజే మా వాళ్ల ముహూర్తం.

వేళను మాత్రం చట్టం నిర్ణయించింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపు జరగాలి. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప రాత్రి పెళ్లి కుదరదు. చుట్టుపక్కల ఇళ్లలో అర్ధరాత్రి ముహూర్తాలకు పెట్రోమాక్సు లైట్లు వెలుగుతుంటే, మా వాళ్ల పెళ్లిళ్లు పగటి ఎండలో అయ్యేవి. మే ఎండకు భయపడి ఎనిమిది గంటలకు పెట్టుకున్నారు.

పెళ్లికి ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరి పేర్లు, వృత్తి, నివాసం, అక్కడ ఎంతకాలంగా ఉంటున్నారో రాసి, అందరికీ కనపడేలా చర్చిలో అంటించాలి. ఇది కాక, మూడు ఆదివారాలు ఆరాధన చివర పాస్టరుగారు పెళ్లి ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చునని ఆయన అడిగి ఆగినప్పుడు, ఆ కొద్దిసేపూ గుండె దడదడలాడేదని నాన్నగారు నవ్వుతూ చెప్పేవారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఇంకో సంగతి. ఆ చట్టం లెక్కలో ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లు మైనర్లు. వాళ్ల పెళ్లికి తండ్రి సమ్మతి కావాలి. తండ్రి లేకపోతే గార్డియన్ సమ్మతి. గార్డియన్ కూడా లేనప్పుడే తల్లి మాట. మా అమ్మకు అప్పటికి పద్దెనిమిది. సమ్మతి ఇచ్చింది ఆమె తండ్రి. ఈ వరసను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ రోజు

అమ్మవాళ్లు ముందురోజు సాయంత్రమే బస్సులో వచ్చి చర్చి ఆవరణలో దిగారు. నాన్నగారి వైపు వాళ్లు గడ్డి పరిచిన రెండెడ్ల బళ్లలో తెల్లవారుజామున బయలుదేరారు. మా పల్లెలో అప్పటికింకా మా వాళ్ల పెళ్లి ఊరేగింపు పెద్దవీధిలోంచి వెళ్లే వీలు లేదు. చుట్టూ తిరిగి చెరువుకట్ట మీదుగా వెళ్లాలి. ఆ రోజూ బళ్లు చెరువుకట్ట మీదుగానే ఊరు దాటాయి. ఒంగోలులో మాత్రం పెళ్లికొడుకు నడివీధిలో, గొడుగు కింద, చెప్పులతో నడిచి చర్చికి వెళ్లాడు. మా నాయనమ్మ ఆ పెళ్లి గురించి ఎప్పుడు చెప్పినా ముందు చెప్పే మాట ఇదే. చీర రంగు, భోజనాలు, బంగారం అన్నీ ఆ తర్వాతే.

అమ్మ కట్టుకున్నది చీరాల నేత తెల్లచీర, సన్నని ఎర్ర అంచు. ఉంగరాలు మార్చుకోలేదు, ఉన్న బంగారం అంతా బొట్టుకే సరిపోయింది. చిన్న సిలువ చెక్కిన ఆ బొట్టును పాస్టరుగారు ప్రార్థన చేసి ఇస్తే నాన్నగారు కట్టారు. పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోవి. పురుషోత్తమ చౌదరిగారి వంటి కవుల పాటలున్న పుస్తకం అది. పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. విదేశీ మతం అన్నవాళ్లు ఆ పుస్తకం తెరిచి చూసినట్టు లేదు. హార్మోనియం, కంజిర, తాళాలు పట్టుకుని సంఘంవాళ్లే పాడారు.

డప్పు మోగలేదు. మా తాత ఆ చుట్టుపక్కల పేరున్న డప్పు కళాకారుడి కొడుకు. ఆయన వేళ్లలో ఆ విద్య ఉంది. కానీ డప్పంటే జాతర, ఊరి చాకిరీ అని సంఘంలో దాన్ని పక్కన పెట్టారు. కొడుకు పెళ్లిలో మా తాత చర్చి బల్ల చెక్క మీద వేళ్లతో మెల్లగా దరువు వేస్తూ కూర్చున్నాడని మా మేనత్త చెబుతుంది. మా కుటుంబం పొందినవాటితో పాటు వదులుకున్నవాటి లెక్క కూడా రాయాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

భోజనాలు ఆవరణలో వేపచెట్ల కింద. ఇంట్లో రోజూ జొన్నసంకటి తినేవాళ్లకు పెళ్లి అంటే వరి అన్నం. ఏటమాంసం కూర, పప్పుచారు, గోంగూర పచ్చడి. నాన్నగారితో కలిసి పనిచేసే ఇతర కులాల మాస్టర్లు ముగ్గురు వచ్చారు. ఇద్దరు చదివింపులు చదివించి, నిమ్మరసం పుచ్చుకుని వెళ్లారు. మూడో ఆయన బంతిలో కూర్చుని విస్తరిలో భోజనం చేశారు. అస్పృశ్యతా నేరాల చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. చట్టం వల్ల ఎవరూ పక్కన కూర్చుని తినరు. ఆయన తిన్నారు. చదివింపుల పుస్తకంలో ఆయన పేరు ఎదుట రెండు రూపాయలని ఉంది. మిగతావన్నీ అర్ధరూపాయలు, పావలాలు, బేడలు. కొన్ని చోట్ల మానెడు జొన్నలు, ఒక చోట వీశె మిరపకాయలు.

గడులు

విందుకు ముందు, అందరూ చర్చిలో ఉండగానే, రిజిస్టరు తెరిచారు. నేను ఇంజనీరుని, ఫారాల్లో గడులు నింపడం, నింపించడం నా రోజువారీ పని. ఏ ఫారమైనా ఏం అడుగుతుందో చూస్తే, దాన్ని తయారుచేసినవాళ్లు దేన్ని లెక్కలోకి తీసుకున్నారో తెలుస్తుంది. పెళ్లి రిజిస్టరు నమూనా చట్టంలోనే ఉంది. పెళ్లి తేదీ, ఇద్దరి పేర్లు, ఇంటిపేర్లు, వయసు, అవివాహితులా కాదా, వృత్తి, నివాసం, తండ్రి పేరు. కింద వధూవరుల సంతకాలు, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు, పెళ్లి జరిపించినవారి సంతకం.

ఇందులో మా వాళ్లకు కొత్తవి చాలా ఉన్నాయి. ఊళ్లో మా తాతను ఇంటిపేరుతో పిలిచినవాళ్లు లేరు. పూర్తి పేరుతో పిలిచినవాళ్లూ తక్కువే. పేరు చివర 'గాడు' తగిలించి పిలిచేవాళ్లు. రిజిస్టరులో ఆయన ఇంటిపేరుతో సహా నిండుగా ఉన్నాడు. వృత్తి గడిలో నాన్నగారికి 'ఉపాధ్యాయుడు' అని ఉంది. అన్నిటికంటే ముఖ్యం, పెళ్లికూతురి సంతకం. కొంచెం వంకరగా, అక్షరాలు విడివిడిగా ఉన్నా అది సంతకమే. వేలిముద్ర కాదు. మా వంశంలో ఒక ఆడమనిషి ప్రభుత్వానికి చెల్లే కాగితం మీద చేసిన మొదటి సంతకం అది. అందరూ తల వంచి చూస్తుంటే చెయ్యి వణికిందని అమ్మ అనేది.

ప్రతి పెళ్లికీ ఒక ప్రతి చర్చిలో ఉంటుంది, రెండోది మ్యారేజ్ రిజిస్ట్రారు ద్వారా ప్రభుత్వానికి చేరుతుంది. అలా మా ఇల్లు లెక్కలోకి వచ్చింది. ఆ పేజీలో నాన్నగారి నివాసం ఆంధ్ర రాష్ట్రం, గుంటూరు జిల్లా, ఒంగోలు తాలూకా. అమ్మది నెల్లూరు జిల్లా, కనిగిరి తాలూకా. ఆరు నెలల్లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. 1970లో కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. పెళ్లినాడు వేరువేరు జిల్లాలవాళ్లయిన అమ్మానాన్నలు నేను బడికి వెళ్లే నాటికి ఒకే జిల్లావాళ్లు.

కాగితం ఎక్కడెక్కడికి వెళ్లింది

1987లో నాన్నగారు ఉద్యోగంలో ఉండగానే పోయారు. అమ్మకు కుటుంబ పెన్షన్ రావాలి. ఒక కార్యాలయంలో పెళ్లి జరిగినట్టు రుజువు తెమ్మన్నారు. ముప్పై ఒక్కేళ్లు కాపురం చేసి, పిల్లల్ని పెంచిన మనిషిని రుజువు అడిగారు. అమ్మ ఏమీ అనకుండా నన్ను వెంటబెట్టుకుని ఒంగోలు చర్చికి వెళ్లింది. ఎవరైనా కోరితే రిజిస్టరు వెతకనిచ్చి, రుసుము తీసుకుని, ధ్రువీకరించిన నకలు ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది. ఆ నకలు సాక్ష్యంగా చెల్లుతుంది కూడా. పేజీ దొరికింది. పెన్షన్ వచ్చింది. అదే పల్లెలో, రిజిస్టరు లేని పెళ్లి చేసుకున్న ఒక విధవరాలు ఇలాంటి రుజువు కోసమే రెండేళ్లు తిరగడం నేను చూశాను.

కాగితానికి ఇంకో వైపూ ఉంది. ఆ రిజిస్టరులో కులం గడి లేదు. అది చూసి మా పెద్దలు సంతోషించి ఉంటారు. కానీ ఆ రిజిస్టరులో పేరు ఉండటమే మతాన్ని చెబుతుంది. 1936 నాటి ఉత్తర్వు భారతీయ క్రైస్తవులను షెడ్యూల్డు కులాల లెక్క నుంచి తీసేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందూమతం కాక వేరే మతంలో ఉన్నవారు షెడ్యూల్డు కులాల కిందికి రారంది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సడలించారు. క్రైస్తవులకు సడలించలేదు. మన రాష్ట్రంలో 1970లో, క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారిని బీసీ-సి కింద చేర్చి ఒక శాతం కేటాయించారు.

మా బాబాయి కూడా అదే చర్చికి వెళ్లేవాడు. కానీ ఆయన పెళ్లి ఇంటి దగ్గరే, పెద్దల సమక్షంలో అయింది. రిజిస్టరు లేదు. బడిలో ఆయన పిల్లల మతం హిందువని పడింది. నేను 1985లో ఇంజనీరింగులో చేరినప్పుడు నా దరఖాస్తు మీద బీసీ-సి. రెండేళ్ల తర్వాత చేరిన బాబాయి కొడుకు దరఖాస్తు మీద ఎస్సీ. ఒకే తాత మనవలం, ఒకే పల్లెలో ఒకే బావి దగ్గర ఒకే మాట పడ్డవాళ్లం. ఆదివారం ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం. మా బాబాయిని నేనెప్పుడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను. పిల్లల చదువు కోసం ఏ తండ్రయినా దారి చూసుకుంటాడు. రెండు సర్టిఫికెట్లూ ఒకే మనుషుల గురించి రెండు రకాలుగా చెబుతున్నాయన్నదే నేను చెప్పేది.

నేను కాలేజీలో చేరిన ఆ 1985లోనే సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడి కేసు అది. తోటి చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన బంకు తనకు ఇవ్వలేదని ఆయన కోర్టుకు వెళ్లాడు. మతం మారాక కూడా అదే తీరు వెనకబాటు కొనసాగుతోందని చూపే ఆధారాలు చాలలేదని కోర్టు కొట్టేసింది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నాకు చెప్పులు కుట్టే మా తాత చేతులే గుర్తొచ్చాయి. ఈ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. 2022లో కేంద్రం దీని మీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023లో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది.

లేని గడి

1987లో నకలు తెచ్చుకున్న రోజు సాయంత్రం, మా అమ్మమ్మ అది చదివి వినిపించమంది. ఆమెకు చదువు రాదు. గడి తర్వాత గడి చదివాను. అల్లుడి పేరు, కూతురి పేరు, వియ్యంకుడి పేరు, తన భర్త పేరు, సాక్షుల పేర్లు, పాస్టరుగారి పేరు. అంతా విని, "అందులో నా పేరు యాడుందిరా, అబ్బయ్యా?" అని అడిగింది.

లేదు. ఆ ఫారంలో తల్లి పేరుకు గడే లేదు. పైన చెప్పిన సమ్మతి వరసలో లాగానే, ఇక్కడా తండ్రులే ఉన్నారు. పద్దెనిమిదేళ్లు సాకిన మనిషి, కూలి డబ్బులు కూడబెట్టి బోర్డింగుకు పంపిన మనిషి, ఆ సంతకం వెనకున్న మనిషి, ఆ పేజీలో ఎక్కడా లేదు. నాయనమ్మా లేదు. మా కుటుంబాన్ని మొదటిసారి లెక్కలోకి తెచ్చిన కాగితం సగం కుటుంబాన్నే రాసుకుంది.

మిత్రులకు, గురువులకు ఒక మనవి. ఒంగోలు, అద్దంకి, వినుకొండ, నరసరావుపేట, మార్కాపురం, కంభం, ఏ ఊరి పాత చర్చికి వెళ్లినా ఇలాంటి రిజిస్టర్లు ఉంటాయి. అట్టలు ఊడిపోతున్నాయి, చెదలు పడుతున్నాయి, సిరా వెలిసిపోతోంది. వాటి గురించి చెప్పగల పెద్దవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. మన సంఘం స్వర్ణోత్సవ కార్యక్రమాల్లో ఇదొకటి కావాలని నా కోరిక. ఆయా సంఘాల అనుమతితో పాత పేజీలను ఫొటోలు తీయించి, జాబితా రాయించి, ఒక ప్రతిని వాళ్లకూ ఒక ప్రతిని మన బడి గ్రంథాలయానికీ ఇద్దాం. స్కానరు ఖర్చు నేను భరిస్తాను. కూర్చుని రాసే చేతులు కావాలి. ఎవరి ఇళ్ల పేజీలు వాళ్లు తీసుకునేటప్పుడు వెనకవైపు రెండు పేర్లు కలపండి: పెళ్లికొడుకు తల్లి పేరు, పెళ్లికూతురు తల్లి పేరు. మా ఇంటి నకలు వెనక ఆ రెండు పేర్లనూ మా అమ్మే రాసింది. ఈసారి చెయ్యి వణకలేదు.